కంటి కదలికల చికిత్సకు వెళ్తున్నారా? గదిలోకి అడుగు పెట్టే ముందు, పెట్టాక

మన ఇళ్ళలో పిల్లవాడు రాత్రిళ్ళు ఉలిక్కిపడి లేస్తుంటే "జడుసుకున్నాడు" అంటారు. దిష్టి తీస్తారు, తాయెత్తు కట్టిస్తారు, నాలుగు రోజులు అమ్మమ్మ పక్కన పడుకోబెడతారు. చాలాసార్లు పిల్లవాడు తేరుకుంటాడు కూడా. పక్కన ఒక మనిషి వెచ్చగా ఉండడం చిన్న వైద్యమేమీ కాదు. పెద్దవాళ్ళు జడుసుకున్నప్పుడే మనకు ఏం చేయాలో తోచదు. "అయిందేదో అయిపోయింది, మరిచిపో" అంటాం. మరవలేకపోవడమే ఆ మనిషి బాధ అయినప్పుడు ఆ సలహాతో అతను ఏం చేసుకుంటాడు?

అలాంటివారికి చేసే చికిత్సల్లో ఒకటి ఈఎండీఆర్. పూర్తి పేరు ఐ మూవ్‌మెంట్ డీసెన్సిటైజేషన్ అండ్ రీప్రాసెసింగ్. నోరు తిరగని పేరే, ఒప్పుకుంటాను. బాధపెట్టే జ్ఞాపకాన్ని మనసులో పెట్టుకుని, థెరపిస్టు ఊపే వేలిని కళ్ళతో వెంబడించే పద్ధతి ఇది. నేను ఈ చికిత్స చేసే మనిషిని. నా దగ్గరికి కొందరు "వేలు ఊపితే బాధ పోతుందట కదా" అంటూ వస్తారు. కొందరు ఇదేదో హిప్నాటిజమేమో అని బెదురుతూ వస్తారు. ఇందులో మీరు నిద్రలోకి జారరు, స్పృహ తప్పరు, నేను మీ చేత ఏమీ చెప్పించను. వేలు ఊపడం మొత్తం పనిలో చిన్న ముక్క. మిగతా పనిలో సగానికి పైగా మీదే, అందుకే ఏ మెట్టు దగ్గర ఏమి జరుగుతుందో మీకు ముందే తెలిసి ఉండాలి.

ఇది ఎక్కడి నుంచి వచ్చిందో రెండు మాటల్లో. 1987లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఫ్రాన్సీన్ షపీరో అనే ఆమె పార్కులో నడుస్తూ, తనను తొలుస్తున్న ఆలోచనలు కళ్ళు అటూ ఇటూ చకచకా కదిలినప్పుడు పలచబడుతున్నట్టు గమనించారు. 1989లో ఆమె మొదటి అధ్యయనం అచ్చయింది. నమ్మినవారికన్నా పెదవి విరిచినవారే ఎక్కువ. ఆ తరువాత పరీక్షలు పేరుకున్నాయి. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకూ పిల్లలకూ పీటీఎస్‌డీ (ఘోరమైన అనుభవం తరువాత వదలకుండా వేధించే మానసిక సమస్య) చికిత్సల్లో దీన్ని చేర్చింది. 2018లో బ్రిటన్‌లో ఏ జబ్బుకు ఏ చికిత్స మేలో సూచించే నైస్ సంస్థ మార్గదర్శకాల్లోనూ చోటు దొరికింది. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ మాత్రం 2017లో ఆచితూచి, షరతులతో సిఫారసు చేసింది.

ఎలా పని చేస్తుందన్నదానికి ఎక్కువమంది చెప్పే వివరణ ఇది. మన మనసులో అప్పటికప్పుడు పని జరిగే చోటు చాలా ఇరుకు. భయంకరమైన బొమ్మను అక్కడ పెట్టుకుని, అదే క్షణంలో కదిలే వేలిని కళ్ళతో వెంబడించాలంటే రెండింటికీ చోటు చాలదు. బొమ్మ కొంచెం వెలిసిపోతుంది, మనసు ఆ వెలిసిన బొమ్మనే మళ్ళీ దాచుకుంటుంది. కళ్ళ కదలికే మందా, లేక భద్రమైన చోట జ్ఞాపకాన్ని ఎదుర్కోవడమే అసలు మందా అనే తగవు పరిశోధకుల మధ్య ఇంకా తెగలేదు. నాకు ఆ తగవు మీద ఆసక్తి ఉంది కానీ, మీరు అది తెగేదాకా ఆగనక్కర్లేదు.

మొదటి మెట్టు: ఇది సరైన వేళేనా?

ప్రమాదం జరిగి వారమే అయితే ఆగండి. నిద్ర పట్టకపోవడం, ఉలికిపాటు, అదే దృశ్యం మళ్ళీ మళ్ళీ కళ్ళముందు ఆడడం మొదటి రోజుల్లో దాదాపు అందరికీ ఉంటాయి, చాలామందికి వాటంతట అవే తగ్గుతాయి. నెల దాటినా తగ్గకపోతే, ఆ దారిన వెళ్ళడం మానేస్తే, ఉద్యోగం, కాపురం దెబ్బతింటుంటే అప్పుడు కదలాలి. ఏళ్ళ నాటి గాయమైనా ఫరవాలేదు. ముప్పై ఏళ్ళ కిందటి దాని మీద పని చేయడానికి వచ్చేవారు ఉంటారు.

ఇప్పటికీ దెబ్బలు తింటున్న ఇంట్లోనే ఉంటూ పాత దెబ్బల జ్ఞాపకాలను మాన్పించుకోవాలని చూడకండి. అప్పుడు భయం జబ్బు కాదు, కాపలా. ముందు క్షేమం చూసుకోవాలి, మహిళల సహాయ నంబరు 181. చావాలన్న ఆలోచనలు వస్తుంటే ముందు వాటి సంగతి చూడాలి. కేంద్ర ప్రభుత్వపు టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. మూర్ఛ, కంటి జబ్బు, గర్భం, మద్యం మానే ప్రయత్నం, మధ్యమధ్యలో తాను ఎక్కడ ఉన్నదీ తెలియకుండా పోయే అలవాటు వంటివి ఉంటే దాచకుండా చెప్పండి. ఇవన్నీ చికిత్స కుదరదనడానికి కారణాలు కావు, జాగ్రత్తగా అడుగు వేయడానికి కారణాలు. వాడుతున్న మందులేవీ సొంతంగా ఆపకండి.

కోర్టు సంగతి ఎవరూ అడగరు కనుక నేనే చెబుతాను. మీరు సాక్ష్యం చెప్పవలసిన కేసు ఏదైనా నడుస్తుంటే, అది మోటారు ప్రమాదాల ట్రైబ్యునల్‌లో పరిహారం కేసైనా సరే, మొదలుపెట్టే ముందే థెరపిస్టుకూ మీ వకీలుకూ చెప్పండి. ఈ చికిత్సలో దృశ్యం మసకబారవచ్చు. వణుకుతూ చెప్పిన సాక్ష్యానికీ తాపీగా చెప్పిన సాక్ష్యానికీ వినేవారు ఇచ్చే విలువ ఒకటే అయితే బాగుండు, కానీ లోకం అలా లేదు.

రెండో మెట్టు: మనిషిని ఎంచుకోవడం

రెండు అర్హతలు చూడండి. మొదటిది మూలవిద్య: క్లినికల్ సైకాలజీలో ఎంఫిల్ చేసి రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదైన సైకాలజిస్టు గానీ, మానసిక వైద్య నిపుణులు గానీ అయి ఉండాలి. రెండోది ఈఎండీఆర్‌లో ప్రత్యేక శిక్షణ. దీనికి మన దేశంలో ఈఎండీఆర్ ఇండియా అనే సంఘం ఉంది. "మీరు శిక్షణ ఎక్కడ పొందారు? అనుభవజ్ఞుల పర్యవేక్షణలో చేశారా? నాలాంటి సమస్యతో వచ్చినవారికి చేశారా?" అని మొహమాటపడకుండా అడగండి. పెళ్ళి సంబంధానికి ఏడు తరాలు ఆరా తీసే మనం, మనసు అప్పగించే మనిషిని రెండు ప్రశ్నలు అడగడానికి సిగ్గుపడతాం. అడిగితే నొచ్చుకునేవారి దగ్గరికి రెండోసారి వెళ్ళకండి.

కూర్చున్న పది నిమిషాలకే వేళ్ళు ఊపడం మొదలుపెట్టేవారి దగ్గర నుంచీ, ఒక్క సిట్టింగ్‌లో నయం చేస్తామనేవారి దగ్గర నుంచీ లేచి వచ్చేయండి. నైస్ మార్గదర్శకం మామూలుగా 8 నుంచి 12 సెషన్లు అంటుంది, గాయాలు అనేకమైతే ఇంకా ఎక్కువ. ఒక్కో సెషన్ గంట నుంచి గంటన్నర. దాన్ని బట్టి ఖర్చు ముందే లెక్క వేసుకోండి. సగంలో ఆగిపోవడం కన్నా రెండు నెలలు ఆగి మొదలుపెట్టడం మేలు. ఖర్చు భరించలేనివారు ముందుగా ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్ష చేయించుకోవచ్చు. హైదరాబాదులో ఎర్రగడ్డ, విశాఖపట్నంలో చినవాల్తేరు మానసిక వైద్యశాలలు అందుకే ఉన్నాయి. ఈఎండీఆర్ చేసేవారు అక్కడ ఆ రోజు ఉన్నారా అన్నది అడిగి తెలుసుకోవాలి.

భాష ముఖ్యం. దుబాయిలోనో డాలస్‌లోనో ఉండి ఇంగ్లీషులో చక్కగా మాట్లాడగలిగినవారు కూడా, చిన్నప్పటి గాయం దగ్గరికి వచ్చేసరికి తెలుగులోకి జారతారు. తిట్టు ఏ భాషలో పడిందో నొప్పి ఆ భాషలోనే దాగి ఉంటుంది. తెలుగు వచ్చిన థెరపిస్టు దొరక్కపోతే, లోపల తెలుగులోనే అనుకునే వీలు ఇవ్వమని అడగండి. ప్రతి మాటా బయటికి చెప్పాలన్న నియమం ఈ చికిత్సలో లేదు.

మూడో మెట్టు: బ్రేకులు సరిచూసుకోవడం

మొదటి రెండు మూడు సెషన్లలో కళ్ళ కదలికలు ఉండకపోవచ్చు. "డబ్బులు తీసుకుని కబుర్లు చెబుతున్నారు" అని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. అననివ్వండి. బండి తోలే ముందు బ్రేకు చూసుకోవడం లాంటిది ఇది, నేను దీన్ని ఎవరి తొందర కోసమూ కుదించను.

ముందు మీ కథ. వివరంగా చెప్పనక్కర్లేదు. బాధపెట్టే జ్ఞాపకాలకు వార్తాపత్రిక శీర్షికల్లాగా ఒక్కో పేరు పెట్టి జాబితా రాస్తే చాలు: "పదో తరగతి, హాస్టల్ గది", "నాన్న ఆసుపత్రి రాత్రి". ఏది మొదట, ఏది తరువాత అన్నది ఇద్దరమూ కలిసి తేల్చుకుంటాం.

తరువాత ఒక ప్రశాంతమైన చోటును మనసులో కట్టుకోవాలి. గోదావరి గట్టు, తిరుమల కాలినడక దారిలో ఒక మలుపు, వేపచెట్టు కింద నులకమంచం, ఏదైనా సరే. ఆ చోట గాలి ఎలా ఉంది, ఏ వాసన, ఒంటికి ఏమి తగులుతోంది అని ఒక్కొక్కటే పట్టుకోండి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు అమ్మమ్మ ఇంటిని ఎంచుకోవడం. రెండు నిమిషాలు హాయిగా ఉంటుంది, మూడో నిమిషంలో అమ్మమ్మ పోయిన సంగతి గుర్తొస్తుంది. మనుషులు లేని చోటును ఎంచుకోండి.

ఇంకొకటి పెట్టె. మధ్యలో వదిలేయవలసి వచ్చిన జ్ఞాపకాన్ని వచ్చే వారం దాకా దాచడానికి మనసులో ఒక గట్టి పెట్టె కావాలి. పాత ఇళ్ళలో అటక కింద ఉండే భోషాణం చాలామందికి బాగా కుదురుతుంది: బరువైన మూత, పెద్ద తాళం. నవ్వు వస్తే నవ్వండి, కానీ ఇంట్లో రోజూ అయిదు నిమిషాలు సాధన చేయండి.

అన్నిటికన్నా ముఖ్యం ఆపమనే సైగ. చెయ్యి పైకెత్తితే నేను ఆ క్షణమే ఆపుతాను, ఎందుకని అడగను. మొదటి రోజే ఒకసారి ఉత్తినే ఎత్తి చూడండి. డాక్టరు ముందు, పెద్దవాళ్ళ ముందు "వద్దు" అనడం మనలో చాలామందికి అలవాటు లేదు. ముఖ్యంగా ఒకప్పుడు వద్దన్నా ఎవరూ ఆగని అనుభవం ఉన్నవారికి ఆ చెయ్యి లేవడమే కష్టం. లేచిన రోజున సగం పని అయినట్టే నాకు అనిపిస్తుంది.

నాలుగో మెట్టు: గురి కుదుర్చుకోవడం

ఇక్కడి నుంచి ఒక ఉదాహరణ పట్టుకుని నడుద్దాం. ఇది ఏ ఒక్కరి కథా కాదు, అర్థం కావడానికి నేను అల్లినది. హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్తున్న రాత్రి బస్సు ఆగి ఉన్న లారీని గుద్దింది. పక్క సీటులోని పెద్దాయన చనిపోయారు. ఇతను చెయ్యి విరిగి బతికాడు. రెండేళ్ళుగా బస్సు ఎక్కడు, ఎయిర్ బ్రేకు చప్పుడు వినపడితే చెమటలు పడతాయి.

మొదటి ప్రశ్న: ఇప్పుడు తలచుకుంటే అన్నిటికన్నా బాధపెట్టే బొమ్మ ఏది? రక్తం, అద్దాలు అని చెబుతారనుకుంటాం. ఇతను "సీటు కింద ఒంటరిగా పడి ఉన్న ఆయన చెప్పు" అంటాడు. మీకు కూడా ఇలాంటి చిన్న వస్తువే తగలవచ్చు. ఇంత చిన్నదా అని సిగ్గుపడి పెద్ద దృశ్యాన్ని చెప్పకండి.

రెండో ప్రశ్న: ఆ బొమ్మను చూస్తుంటే ఇప్పుడు మీ గురించి మీకు ఏమనిపిస్తోంది? ఇక్కడే ఎక్కువసేపు పడుతుంది. "డ్రైవరు నిద్రపోయాడు" అనేది జరిగిన సంగతి. "ఆయన్ని లాగి ఉండాల్సింది" అనేది పశ్చాత్తాపం. మనకు కావలసింది ఆ రెండింటి కింద నక్కి ఉన్న, "నేను"తో మొదలయ్యే మాట. ఇతని విషయంలో అది "నేను పనికిమాలినవాణ్ణి" అని తేలుతుంది. పుస్తకాల తెలుగు వెతకకండి. మిమ్మల్ని మీరు లోపల తిట్టుకునే మాట ఏదో అదే చెప్పండి, మొరటుగా ఉన్నా సరే.

మూడో ప్రశ్న: దాని బదులు ఏమి అనుకోగలిగితే బాగుంటుంది? "నాకు చేతనైనంత చేశాను." ఆ మాట ఇప్పుడు ఎంత నిజమనిపిస్తోందో 1 నుంచి 7 వరకు అంకె వేయాలి. ఇతను 2 అంటాడు. తరువాత ఏ భావం కలుగుతోంది, బాధ 0 నుంచి 10 మధ్య ఎంత? భయం, అపరాధ భావం, 8. ఒంట్లో ఎక్కడ? ఈ చివరి ప్రశ్నకు తెలుగువారు తడుముకోరు. "గుండెల మీద బండ పెట్టినట్టుంది", "గొంతుకు ఏదో అడ్డం పడినట్టు", "కడుపులో దేవినట్టు" అని ఠక్కున చెబుతారు. మనసు గురించి మాట్లాడడానికి మొహమాటపడే మనకు ఒంటి గురించి చెప్పడానికి ఇన్ని మాటలు ఉండడం ఈ చికిత్సకు కలిసొచ్చిన అదృష్టం.

అయిదో మెట్టు: కళ్ళు కదిలే వేళ

బొమ్మ, ఆ తిట్టు మాట, ఒంట్లోని బరువు, మూడింటినీ ఒకేసారి మనసులో పెట్టుకుని నా వేళ్ళను కళ్ళతో వెంబడించండి. తల కదపవద్దు. ఒక విడతలో ఇరవై నాలుగు, ముప్పై సార్లు అటూ ఇటూ, అంటే అర నిమిషం పైన. కొందరు థెరపిస్టులు కదిలే దీపం వాడతారు. కళ్ళు నొప్పి పుడితే అరచేతుల మీద మార్చి మార్చి తట్టడం, చెవుల్లో మార్చి మార్చి చప్పుడు వినిపించడం కూడా ఉన్నాయి.

విడత ఆగాక "ఊపిరి తీసుకోండి. ఇప్పుడు ఏమి వస్తోంది?" అని అడుగుతాను. ఏది వస్తే అది ఒకటి రెండు మాటల్లో చెప్పండి. సంబంధం లేనిది వచ్చినా, ఏమీ రాకపోయినా అదే చెప్పండి. "సరే, దాంతోనే సాగండి" అని మళ్ళీ మొదలుపెడతాను. నేను సలహా ఇవ్వను, ఓదార్చను, విశ్లేషించను. మాటల కౌన్సెలింగ్‌కు అలవాటు పడినవారికి ఇది మొదట పొడిగా తోస్తుంది. రైలు కిటికీ పక్కన కూర్చున్నట్టు ఉండండి. దృశ్యాలు వెనక్కి పోతుంటాయి, మీరు రైలు పెట్టెలోనే ఉన్నారు.

మన ఉదాహరణలోని మనిషికి మొదట చెప్పు కనిపిస్తుంది. రెండో విడతలో అరుపులు. నాలుగో విడతలో ఊహించనిది: పన్నెండేళ్ళప్పుడు తమ్ముడు చెరువులో జారిపడితే "చూస్తూ నిలబడ్డావా, పనికిమాలినవాడా" అని నాన్న కొట్టిన చెంపదెబ్బ. బస్సు ప్రమాదం కొత్తదే, తిట్టు పాతది. కాసేపు ఏడుస్తాడు. నాన్న మీద కోపం, తరువాత డ్రైవరు మీద కోపం, తరువాత చాలాసేపు ఏమీ ఉండదు. ఆపైన ఒక విడత అయ్యాక నా వైపు చూసి మెల్లగా అంటాడు: "అప్పటికి నా చెయ్యి విరిగిపోయి ఉంది కదండీ. ఏ చేత్తో లాగుతాను?"

ఆ సంగతి అతనికి తెలియనిది కాదు. చేతికి వేసిన పిండికట్టును వారాల తరబడి మోసినవాడే. బంధువులు వంద సార్లు చెప్పి ఉంటారు కూడా. తెలిసిన సంగతి తగలవలసిన చోట తగలడానికి ఇంత దూరం వచ్చింది. మీకూ ఇలాంటి మాట మీ నోటి నుంచే రావాలి. అందుకే తొందరపడి అందించే థెరపిస్టు కన్నా నోరు మూసుకోగల థెరపిస్టు మంచివారు.

బాధ అంకె 0కో, మరీ న్యాయమైన దుఃఖమైతే 1కో దిగాక, మంచి మాటను ఆ జ్ఞాపకంతో జతచేసి మళ్ళీ కొన్ని విడతలు. 2గా ఉన్నది 7 దగ్గరికి రావాలి. తరువాత తల నుంచి పాదాల దాకా ఒళ్ళంతా తడిమి చూసుకున్నట్టు గమనించండి. ఎక్కడో బిగువు మిగిలి ఉంటే దాని మీద ఇంకొన్ని విడతలు.

ఆరో మెట్టు: గది నుంచి ఇంటికి

చాలా సెషన్లు అంకె 0కు రాకుండానే ముగుస్తాయి. ఇది ఓటమి కాదు. మిగిలినది భోషాణంలో పెట్టి తాళం వేసి, ప్రశాంతమైన చోటుకు ఒకసారి వెళ్ళి రండి. చివరి పదిహేను నిమిషాలు దీనికే ఉంచాలి. గడియారం చూసి హడావిడిగా బయటికి పంపితే మర్యాదగా అభ్యంతరం చెప్పండి.

ఆ రోజు మీరే బండి నడుపుకుంటూ వెళ్ళకండి. సాయంత్రం పెళ్ళికి వెళ్ళవలసి ఉంటే, మర్నాడు పరీక్ష ఉంటే సెషన్ తేదీ మార్చుకోండి. అలసట, విపరీతమైన కలలు, ఉన్నట్టుండి కన్నీళ్ళు రెండు మూడు రోజులు ఉండవచ్చు. ఇంట్లో ఒక్కరికైనా ముందే చెప్పి పెట్టండి: "ఈ వారం నేను కొంచెం ముభావంగా ఉంటాను. లోపల ఏమి మాట్లాడారని అడగవద్దు. అన్నం వేళకు పిలిస్తే చాలు." మీ విషయాలు గోప్యంగా ఉంచుకునే హక్కు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే ఇచ్చింది, కాబట్టి అత్తగారైనా, ఫీజు కట్టే అన్నయ్య అయినా థెరపిస్టును అడిగి తెలుసుకోలేరు.

ఏడో మెట్టు: మధ్యలో వారం

ఒక చిన్న నోటు పుస్తకంలో ఏదైనా కదిలించినప్పుడు ఒక వరుస రాయండి: ఏమి కదిలించింది, ఏ బొమ్మ వచ్చింది, ఏమనిపించింది, ఏ భావం, ఒంట్లో ఎక్కడ. అంతే. దాన్ని తవ్వవద్దు, డైరీలాగా పేజీలు నింపవద్దు.

ఫోనులో వీడియోలు చూసి ఇంట్లో మీ అంతట మీరు జ్ఞాపకాల మీద కళ్ళు కదిపే ప్రయోగం చేయకండి. తమ్ముడి చెరువులాంటిది పైకి వచ్చినప్పుడు పక్కన ఎవరూ ఉండరు. మనసు కుదుటపరచుకోవడానికి మాత్రం సీతాకోక కౌగిలి చేసుకోవచ్చు. 1997లో మెక్సికోలోని అకాపుల్కోను తుఫాను ముంచాక అక్కడి బాధితులతో పని చేస్తూ లూసినా ఆర్టిగాస్ రూపొందించిన పద్ధతి ఇది. చేతులు రెండూ ఛాతీ మీద అడ్డంగా వేసుకుని, భుజాల దిగువన మార్చి మార్చి మెల్లగా తట్టుకోవాలి. ఇంట్లో చేసేటప్పుడు ప్రశాంతమైన చోటునే తలచుకోండి, గాయాన్ని కాదు.

ఎనిమిదో మెట్టు: మళ్ళీ కొలవడం

ప్రతి సెషన్ పాత అంకెతో మొదలవుతుంది. పోయిన వారం 3 దగ్గర ఆపిన బొమ్మ ఇప్పుడు ఎంత? 5కు పెరిగిందా? అయితే కింద ఇంకేదో ఉంది, దాన్ని చూస్తాం. మూడు నాలుగు సెషన్లు గడిచినా ఏమీ కదలకపోతే నోరు విప్పి అడగండి. గురి తప్పిందేమో చూడాలి, లేదా ఈ దారి మీకు సరిపడదేమో. ట్రామా, అంటే మానసిక గాయం మీదే పని చేసే సీబీటీ (ఆలోచనలనూ ప్రవర్తననూ మార్చే మాటల చికిత్స) లాంటి దారులు వేరే ఉన్నాయి, వాటికి పంపించడం థెరపిస్టుకు నామోషీ కాకూడదు.

పాత జ్ఞాపకం చల్లబడినంత మాత్రాన పని పూర్తి కాదు. ఎయిర్ బ్రేకు చప్పుడు లాంటి ఇప్పటి కదిలింపుల మీద విడిగా పని చేయాలి. ఆపైన రేపటి సంగతి: బస్టాండుకు వెళ్ళడం, టిక్కెట్టు కొనడం, కిటికీ పక్కన కూర్చోవడం, రాత్రి లైట్లు ఆర్పడం. వీటిని గదిలోనే ఒక సినిమాలాగా మనసులో నడిపించి, ఎక్కడ బిగుసుకుంటే అక్కడ విడతలు వేస్తాం. తరువాత నిజంగా ఎక్కాలి. మొదటిసారి పగటి బస్సు, దగ్గరి ఊరు. హైదరాబాదు నుంచి అయితే చౌటుప్పల్ చాలు. దిగి టీ తాగి, తిరుగు బస్సులో వచ్చేయండి. అంకె ఎంత పలికిందో నోటు పుస్తకంలో రాయడం మరవకండి, వచ్చే వారం మొదట అడిగేది అదే.